సెకండ్ హ్యాండ్ హాట్ టబ్ కొన్నాను, పైపులు కోసేసి ఉన్నాయి. మళ్ళీ ఎలా కలపాలి?

తెనాలి_టెక్సస్:

అందరికీ నమస్కారం. మేము డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. నవంబర్‌లో అమ్మానాన్న తెనాలి నుంచి వస్తున్నారు, ఆరు నెలలు ఉంటారు. నాన్నకి 68 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. పొద్దున్నే బకెట్‌లో వేడినీళ్ళు పోసుకుని అరగంట కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే గానీ నాలుగడుగులు వేయలేరు. ఆయన వచ్చేసరికి వెనక యార్డులో హాట్ టబ్ (కూర్చునే వేడినీళ్ళ తొట్టి) ఉంటే బావుంటుందని ఏడాదిగా అనుకుంటున్నాను, కొత్తది కొనే స్థోమత ఇప్పుడు లేదు. పోయిన వారం ఇల్లు ఖాళీ చేస్తున్న ఒకాయన దగ్గర ఆరుగురు పట్టే టబ్ 600 డాలర్లకి దొరికితే నలుగురు స్నేహితుల సాయంతో ట్రైలర్ మీద తెచ్చి సిమెంటు గచ్చు మీద దించాం.

సమస్య ఏంటంటే ఆయన రెండు పంపులు, హీటరు విప్పి గ్యారేజీలో పెట్టుకున్నాడు. విప్పడం కుదిరిన చోట విప్పాడు, కుదరని చోట రంపంతో కోసేశాడు. నాకు వచ్చింది ఖాళీ టబ్, ఒక అట్టపెట్టెలో పంపులు, హీటరు, రెండు చివర్లా నట్లు ఉన్న ఒక పొట్టి పైపు. అంతే. ఫోటోలు ఏమీ తీసి పెట్టుకోలేదట.

చెక్క ప్యానెళ్ళు తీసి చూస్తే లోపల నాకు కనిపించినవి ఇవి. ఎడమ పక్క వాల్వు, పెద్ద నట్టు ఉన్న ఒక పైపు. దాని పక్కనే నట్టు మాత్రమే ఉన్న ఇంకో పైపు. ఇవి రెండూ మొదటి పంపువి, హీటరువి అనుకుంటున్నాను, ఎందుకంటే అట్టపెట్టెలో ఉన్న పొట్టి పైపుతో కలిపి పెడితే సరిగ్గా కూర్చుంటున్నాయి. కుడి పక్క మాత్రం మూడు పైపులు కోసేసి ఉన్నాయి. ఒకటి పైకి వెళ్ళి దువ్వెన పళ్ళలా చిన్న చిన్న గొట్టాలు ఉన్న ఒక ముక్కకి కలుస్తోంది. మిగతా రెండూ కిందనుంచి, కాళ్ళు పెట్టుకునే గుంట వైపు నుంచి వస్తున్నాయి. రెండో పంపుకి ఉన్నవి రెండే నోళ్ళు. మూడు పైపులు, రెండు నోళ్ళు, ఇదే అర్థం కావట్లేదు. కింది రెండింట్లో ఒకదానికి క్యాప్ పెట్టి మూసేసి రెండోది పంపుకి కలిపితే సరిపోతుందా? అలాగే టేపుతో కొలిస్తే పైపు బయటి కొలత దాదాపు 2.4 అంగుళాలు వస్తోంది, షాపులో ఆ సైజే లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి, నాన్న వచ్చేలోగా ఇది అవుతుందా లేదా అని టెన్షన్‌గా ఉంది.

ఆస్టిన్_ఎండలు:

బ్రో, మూసెయ్, ఏం కాదు. పంపుకి లోపలికి ఒకటి, బయటికి ఒకటి చాలు. మా టబ్‌లో కూడా ఒక పైపు పగిలితే దానికి క్యాప్ పెట్టి గ్లూ వేశాను, రెండేళ్ళ నుంచి నడుస్తోంది.

పైపుల_పని:

తెనాలి బ్రదర్, దయచేసి మూయకు. పై జవాబు చూసి ఆగలేక రాస్తున్నాను. నేను ఫీనిక్స్‌లో పదకొండేళ్ళుగా పూల్, స్పా పైపుల పనే చేస్తున్నాను.

కిందనుంచి వచ్చే ఆ రెండు పైపులూ రెండో పంపు పీల్చుకునేవి. టబ్ లోపల కాళ్ళ దగ్గర జల్లెడలాంటి గుండ్రటి మూతలు రెండు కనిపిస్తాయి చూడు, ఆ రెండింటి నుంచీ వచ్చి ఒక టీ ముక్కలో (ఇంగ్లీషు T ఆకారంలో మూడు నోళ్ళున్న ముక్క) కలిసి పంపులోకి వెళ్తాయి. ఆ టీ ముక్కనే ఆయన కోసేసి పారేసి ఉంటాడు. రెండు ఎందుకు పెడతారంటే, ఒక మూత మీద ఎవరి వీపో, జుట్టో పడి అది మూసుకుపోతే పంపు రెండో దానినుంచి నీళ్ళు లాక్కుంటుంది, ఆ మనిషిని పట్టి ఉంచదు. ఒకటే ఉంటే పంపు బలమంతా అక్కడే పడుతుంది, పెద్దవాళ్ళు కూడా విడిపించుకోలేరు. 2002లో వర్జీనియా గ్రేమ్ బేకర్ అనే ఏడేళ్ళ పాప హాట్ టబ్ అడుగున డ్రెయిన్‌కి ఇలాగే అతుక్కుపోయి చనిపోయింది. ఒకప్పటి విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ మనవరాలు ఆ పాప. వాళ్ళమ్మ పోరాడితే 2007లో ఆ పాప పేరు మీదే చట్టం వచ్చింది, ఇప్పుడు అమెరికాలో అమ్మే ప్రతి డ్రెయిన్ మూతా ఆ చట్టం చెప్పిన ప్రమాణానికి సరిపోవాలి. మీ ఇంట్లో పిల్లలున్నారో లేదో నువ్వు రాయలేదు, కానీ వచ్చేపోయే వాళ్ళ పిల్లలు దిగుతారు. కాబట్టి రెండూ కలపాల్సిందే. ఆస్టిన్ బ్రదర్, నువ్వు మూసింది పీల్చే పైపా, తోసే పైపా ఒకసారి చూసుకో. జెట్లకి, అంటే టబ్‌లోకి నీళ్ళు చిమ్మే రంధ్రాలకి, వెళ్ళే పైపైతే ఫరవాలేదు. పీల్చేదైతే ఈరోజే పవర్ తీసేయ్.

ఇక పని సంగతి. ముందు ఏ పైపు ఎక్కడికి వెళ్తుందో ఊహించకుండా తేల్చుకో. షాప్ వ్యాక్ (గ్యారేజీలో వాడే పెద్ద వ్యాక్యూమ్ క్లీనర్) గొట్టాన్ని గాలి ఊదే వైపు తగిలించి, కోసిన చివర దగ్గర గుడ్డ చుట్టి ఊదు. ఇంకొకరిని టబ్‌లో కూర్చోబెట్టి చెయ్యి పెట్టి చూడమను. జెట్లలోంచి గాలి వస్తే అది పంపు తోసే పైపు. అడుగున జల్లెడ మూతలోంచి వస్తే పీల్చే పైపు. ఒక్కో పైపు మీద మార్కర్‌తో రాసుకో. పంపుకి కూడా అంతే, ముందువైపు సరిగ్గా మధ్యలో ఉన్న నోరు పీల్చేది, పక్కకో పైకో ఉన్నది తోసేది. ఇది తిరగేస్తే పంపు తిరుగుతుంది గానీ నీళ్ళు కదలవు.

2.4 అని భయపడకు. అది 2 అంగుళాల పైపే. ఇక్కడ పీవీసీ పైపుకి చెప్పే సైజు బయటి కొలత కాదు, 2 అంగుళాల పైపు బయట 2.375 ఉంటుంది, ఒకటిన్నర అంగుళాల పైపు బయట 1.9 ఉంటుంది. ఈ లెక్క తెలియక చాలామంది తప్పు సామాను తెచ్చుకుంటారు. ఇంకో మాట, ప్లంబింగ్ వరసలో తెల్లగా ఒకేలా కనిపించే రెండు రకాల ముక్కలుంటాయి. మురుగు నీటి పైపులకి వాడేవి తెచ్చావంటే ప్రెషర్‌కి నిలవవు. షెడ్యూల్ 40 ప్రెషర్ ముక్కలే అడిగి తీసుకో.

నీకు కావాల్సింది ఒక 2 అంగుళాల టీ, మెత్తగా వంగే పీవీసీ పైపు ఒక ఆరడుగులు, రెండో పంపు నోళ్ళకి రెండు యూనియన్లు (నట్టు విప్పితే ఊడొచ్చే జోడింపులు), నాలుగైదు కప్లింగులు (రెండు పైపుల్ని కలిపే ముక్కలు). పంపు అటూ ఇటూ నీళ్ళు ఆపడానికి ఒక్కో స్లైస్ వాల్వు కూడా పెట్టుకో, ఇప్పుడు ముప్పై నలభై డాలర్లు ఎక్కువైనా రేపు పంపు పాడైతే టబ్‌లో నీళ్ళన్నీ వదలక్కర్లేదు. టీ పక్క నోరు పంపు వైపు, రెండు చివరలు రెండు పైపులకి వచ్చేలా పెట్టు, అప్పుడు రెండు పక్కలా లాగుడు సమానంగా ఉంటుంది.

అతికించే ముందు అంతా పొడిగా అమర్చి చూసి, కలిసే చోట్ల గీతలు పెట్టుకో. కోసిన చివర వంకరగా ఉంటే మళ్ళీ నిటారుగా కోసి, అంచున రజను గీకేయ్. ఊదారంగు ప్రైమరు రెండు పక్కలా రాసి, మెత్తటి పైపుకి పనికొచ్చే గ్లూ వాడు. మేము క్రిస్టీస్ రెడ్ హాట్ బ్లూ గ్లూ వాడతాం. తోస్తూ పావు చుట్టు తిప్పి అర నిమిషం గట్టిగా పట్టుకో, మెత్తటి పైపు వెనక్కి తన్నుకొస్తుంది, తొందరపడి వదిలితే అక్కడే కారుతుంది. తర్వాత 24 గంటలు నీళ్ళు తగలనివ్వకు.

యూనియన్ నట్ల మరలకి టెఫ్లాన్ టేపు చుట్టొద్దు. అక్కడ నీళ్ళు ఆపేది మర కాదు, లోపలి రబ్బరు రింగు. పాత రింగులన్నీ పారేసి కొత్తవి వేసి, సిలికాన్ గ్రీజు కొంచెం రాసి చేత్తో బిగించు చాలు. వ్యాసలీన్ మాత్రం రాయకు, రబ్బరు ఉబ్బిపోతుంది.

కరెంటు పని నువ్వు ముట్టుకోకు. 240 వోల్టులు, సాధారణంగా 50 ఆంపియర్ల జీఎఫ్‌సీఐ బ్రేకర్ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసేది) పెడతారు, టబ్‌కి కనీసం 5 అడుగుల దూరంలో కళ్ళకి కనిపించే చోట ఆపే స్విచ్ ఉండాలి. సిటీ పర్మిట్ తీసుకుని లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించు. నీళ్ళు నింపకుండా ఒక్క నిమిషం కూడా పంపు ఆన్ చేయొద్దు, లోపలి సీలు కాలిపోతుంది.

ఆస్టిన్_ఎండలు:

ఇప్పుడే ఫ్లాష్‌లైట్ వేసుకుని చూసి వచ్చాను. నేను మూసింది పైన జెట్ల వైపు వెళ్ళేది, అడుగున మూతలు రెండూ పనిచేస్తున్నాయి. తెనాలి బ్రో, తెలియకుండా చెప్పాను, సారీ. పైన ఆయన చెప్పినట్టే చెయ్.

తెనాలి_టెక్సస్:

మీరు ఇంత ఓపికగా రాసినందుకు చాలా థాంక్స్ అన్నా. మాకు నాలుగేళ్ళ పాప ఉంది, మీ జవాబు చదివాక రాత్రి నిద్రపట్టలేదు. పొద్దున వ్యాక్‌తో ఊది చూశాం, మా ఆవిడ టబ్‌లో కూర్చుంది. మీరు చెప్పింది అక్షరాలా నిజం, కింది రెండు పైపుల గాలీ అడుగు మూతల్లోంచే వచ్చింది. ఒక మూతకి సన్నటి చీలిక కూడా కనిపించింది.

ఇంకో విషయం. అమ్మినాయనకి ఫోన్ చేస్తే 2021 ఫిబ్రవరిలో వచ్చిన మంచు తుఫాను తర్వాత ఈ టబ్ ఒక్కసారి కూడా నింపలేదన్నాడు. అప్పుడు లోపల నీళ్ళున్నాయా అంటే గుర్తులేదన్నాడు. దీనివల్ల ఏమైనా ఇబ్బందా?

డెన్వర్_మంచు:

ఇబ్బందే అండీ, కానీ ముందే తెలిసింది కాబట్టి చూసుకోవచ్చు. ఆ వారం టెక్సస్‌లో రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్ళున్న టబ్ అయితే హీటరు ఆగి గడ్డకట్టి ఉంటుంది. నీరు గడ్డకడితే తొమ్మిది శాతం దాకా ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకి చోటు లేకపోతే ప్లాస్టిక్ చీలుతుంది. నీళ్ళు వదిలేసినా వంపుల్లో, పంపు కడుపులో కొంచెం మిగులుతాయి, అవి చాలు. మాది ఇక్కడ ఒక చలికాలం అలాగే అయింది. పైకి అంతా బాగున్నట్టే ఉంది, నింపితే నాలుగు చోట్ల కారింది.

పంపు ముందు భాగం చుట్టూ, హీటరు గొట్టం చివరల దగ్గర, మీరు చెప్పిన దువ్వెన పళ్ళ ముక్క దగ్గర, దాన్ని మ్యానిఫోల్డ్ అంటారు, వెంట్రుకంత గీతలున్నాయేమో టార్చి వేసి వెతకండి. చిన్న గొట్టాలు దానికి తగిలే చోట ప్లాస్టిక్ ముక్కు సన్నగా ఉంటుంది, ఎక్కువగా అక్కడే విరుగుతుంది. పసుపు నురుగు ఇన్సులేషన్ అడ్డంగా ఉంటే వెన్న కత్తితో మెల్లగా తీయండి, పదును కత్తి వాడితే కింద ఉన్న మంచి గొట్టం కూడా తెగుతుంది. నురుగులో ఎలుక గూడు కనిపిస్తే ఆ చుట్టుపక్కల గొట్టాలన్నీ చేత్తో తడిమి చూడండి, కొరుకుతాయి.

అంతా అతికించాక ప్యానెళ్ళు మూయకండి, తీసేసిన నురుగు మళ్ళీ నింపకండి. నీళ్ళు పై జెట్ల దాకా నింపి, కరెంటు ఇవ్వకుండా ఒక రాత్రి వదిలేసి, నీటి మట్టం దగ్గర టేపు ముక్క అంటించండి. పొద్దున చూసి, ఆ తర్వాత పంపులు నడిపి మళ్ళీ చూడండి. ఎక్కడ కారుతోందో కనిపెట్టడానికి ఒక గుర్తు చెప్తాను. పంపు ఆడుతున్నప్పుడు ఎక్కువ కారి ఆపితే తగ్గిందంటే తోసే వైపు లీకు. పంపు ఆపితే కారి, ఆన్ చేస్తే కారడం ఆగి జెట్లలో బుడగలు వచ్చాయంటే పీల్చే వైపు లీకు, నీళ్ళతో పాటు అక్కడ గాలి కూడా లాగుతోందన్నమాట. ఈ రెండోది చాలామంది గుర్తుపట్టలేక పంపు పాడైందనుకుని కొత్తది కొంటారు.

ఆ గచ్చు మందం ఎంతో కూడా చూసుకోండి. 350 గ్యాలన్ల నీళ్ళంటే నీళ్ళ బరువే 1,300 కిలోలు దాటుతుంది, ఆపైన టబ్బు, మనుషులు.

రాలీ_వంటిల్లు:

అండీ, పైపుల గురించి పైన వాళ్ళు చెప్పారు, నేను మీ నాన్నగారి కోసం రాస్తున్నాను. రెండేళ్ళ క్రితం మా అత్తగారి కోసం మేమూ వాడిన టబ్బే కొన్నాం.

ఇన్నేళ్ళు ఎండి ఉన్న పైపుల లోపల జిగట పొర గట్టిపడి ఉంటుంది. నీళ్ళు తగలగానే మళ్ళీ నానుతుంది, అందులో బ్యాక్టీరియా దాక్కుంటుంది. వేడినీళ్ళ ఆవిరిలో లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా ఊపిరితిత్తుల్లోకి వెళ్తే న్యుమోనియా వస్తుంది, 50 దాటినవాళ్ళకి ప్రమాదం ఎక్కువ. అందుకని మొదటి నింపుడు స్నానానికి కాదు, కడగడానికే అనుకోండి. పైపులు కడిగే మందు పోసి జెట్లన్నీ ఆడించండి, పైన మురికి నురుగు తేలుతుంది. మాకు మొదటిసారి బెల్లం పాకం రంగులో వచ్చింది. వదిలేసి మళ్ళీ చేయండి, నీళ్ళు తేటగా వచ్చేదాకా. ఆ తర్వాత క్లోరిన్ 3 పీపీఎంకి తగ్గకుండా, పీహెచ్ 7కీ 7.8కీ మధ్య ఉండాలి. పరీక్ష కాగితాలు చవకే, దిగే ప్రతిసారీ ముందు చూడండి.

వేడి 104 ఫారెన్‌హీట్ దాటకూడదు, పెద్దవాళ్ళకి ఇంకా తక్కువ పెట్టడం మంచిది. నాన్నగారు బీపీ మాత్రలు వేసుకుంటుంటే ముందు డాక్టర్‌ని అడగండి. వేడినీళ్ళలోంచి ఒక్కసారిగా లేస్తే బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి, మెట్టు దగ్గర పట్టుకోవడానికి కమ్మీ పెట్టించండి. మీ పాపని మాత్రం ఐదేళ్ళు నిండేదాకా ఇందులో దించకండి.

ఇంకొకటి, నీళ్ళు నింపేటప్పుడు గార్డెన్ హోసు టబ్‌లో పడేయకండి, ఫిల్టరు తీసి ఆ గుంటలో పెట్టి అక్కడినుంచి నింపండి. నీళ్ళు కిందనుంచి పైపుల్లోకి ఎక్కుతూ గాలిని ముందుకు తోస్తాయి. మేము అలా చేయక మూడు రోజులు పంపు చెడిందనుకున్నాం. అప్పటికీ గాలి పడితే, పవర్ తీసేసి, పంపు పై యూనియన్ నట్టు అర చుట్టు వదులు చేసి, బుస్సుమని గాలి పోయి నీళ్ళు కారడం మొదలవగానే బిగించండి. మా మావగారు చూసి, పొలంలో ఇంజనుకి గాలి పడితే మేము పేడనీళ్ళు పోసి ఎక్కించేవాళ్ళం, ఇదీ అదే కదమ్మా అన్నారు.

తెనాలి_టెక్సస్:

మూడు వారాలైంది, ఎక్కడిదాకా వచ్చిందో రాస్తున్నాను.

టీ పెట్టి రెండు పీల్చే పైపులూ కలిపాను. మొదటిసారి అతికించింది వంకర పోయింది, అన్న చెప్పినట్టు మెత్తటి పైపు వెనక్కి తన్నింది, కోసేసి మళ్ళీ చేశాను. అడుగు మూతలు రెండూ మార్చాను, కొత్తవాటి మీద ఎన్నేళ్ళు వాడొచ్చో అచ్చు వేసి ఉంది, ఆ సంవత్సరం ప్యానెల్ లోపలివైపు రాసి పెట్టుకున్నాను. మంచు విషయం డెన్వర్ గారు చెప్పినట్టే జరిగింది. మ్యానిఫోల్డ్ దగ్గర రెండు ముక్కులు చీలి ఉన్నాయి, ఒకటి టార్చికి దొరికింది, రెండోది నింపాక దొరికింది. ఆ ముక్క మొత్తం మార్చి గొట్టాలకి కొత్త క్లాంపులు వేశాను, పన్నెండు గొట్టాలు, ఒక శనివారం అంతా పట్టింది. పాత గొట్టాలు బిర్రబిగుసుకుపోయి ఊడకపోతే చివరల్ని వేడినీళ్ళ గ్లాసులో ముంచితే మెత్తబడ్డాయి. ఎవరికైనా పనికొస్తుందని చెప్తున్నాను.

ఎలక్ట్రీషియన్ వచ్చి చేసి వెళ్ళాడు, సిటీ వాళ్ళు చూసి సరే అన్నారు. ఫిల్టరు గుంటలోంచే నింపినా రెండో పంపు నీళ్ళు లాగలేదు, మోత తప్ప జెట్లలో ఏమీ లేదు. పవర్ తీసి నట్టు వదులు చేస్తే బుస్సుమంది. మళ్ళీ ఆన్ చేస్తే అన్ని జెట్లూ ఒకేసారి కొట్టాయి, నేనూ మా ఆవిడా గట్టిగా అరిచాం. రెండుసార్లు కడిగి వదిలాను, రెండోసారికి నీళ్ళు తేటగా వచ్చాయి. రాత్రి వీడియో కాల్‌లో నాన్నకి చూపిస్తే జెట్ల కంటే పంపే ఎక్కువ చూశారు, దాని హార్స్‌పవర్ ఎంత అని అడిగారు.

డాక్టర్‌కి ఇంకా చెప్పలేదు, నాన్న అక్కడ చూపించుకుని అడిగి వస్తానన్నారు. ఒక్క అనుమానం మిగిలింది. వేలి మందం ఉన్న ఒక సన్నటి పారదర్శక గొట్టం ఎక్కడా తగలకుండా వేలాడుతోంది. అది దేనిది?

పైపుల_పని:

చాలా సంతోషంగా ఉంది బ్రదర్. ఆ గొట్టం ఓజోన్‌ది, అంటే నీళ్ళలో క్రిముల్ని చంపే వాయువుది, అయి ఉంటుంది. తోసే వైపు పైపు మీద ఎక్కడైనా నడుము సన్నగా ఉండి పక్కన చిన్న ముక్కు ఉన్న ముక్క కనిపిస్తుందేమో చూడు, దానికి తగులుతుంది. ఓజోన్ పెట్టె లేకపోయినా టబ్ నడుస్తుంది, క్లోరిన్ సరిగ్గా వేసుకుంటే చాలు. ఓజోన్ పెట్టె పెట్టుకునేదాకా ఆ ముక్కుకి చిన్న క్యాప్ పెట్టు, లేకపోతే గాలి లాగుతుంది. ఇది మూయొచ్చు. ప్యానెళ్ళు మాత్రం ఇంకో వారం తీసే ఉంచు, రోజూ సాయంత్రం టీ దగ్గర పొడి టిష్యూ పెట్టి చూడు.